ఫైలు మీద ఎన్ని చేతులు?

"రికార్డులు లక్ష దాటాయా? అయితే ఇక యాక్సెస్ పనికిరాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కో ఒరాకిల్‌కో మారిపోండి." డేటాబేసు గురించి ఎవరు ఎక్కడ అడిగినా ముందుగా వచ్చే సలహా ఇదే. ఈమధ్య ఒక చిన్న వ్యాపారికి ఎవరో రాసిన జవాబులో మళ్ళీ ఇదే చదివాను. యాక్సెస్ అంటే డేటా అంతా ఒకే ఫైల్లో పెట్టే మైక్రోసాఫ్ట్ వారి చిన్న డేటాబేసు, మిగతా రెండూ సర్వర్ మీద నడిచే పెద్దవి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పాఠం కూడా చాలాచోట్ల ఇక్కడే మొదలవుతుంది: చిన్నది నేర్చుకోవడానికి, పెద్దది ఉద్యోగానికి.

లక్ష రికార్డులంటే ఎంత? ఒక్కోటి 200 బైట్లనుకుంటే 20 ఎంబీ. ఫోనుతో తీసిన నాలుగైదు ఫొటోలంత. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ మెసేజీలన్నీ ఉండేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు ఫైల్లోనే. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి అందులో లక్షల వరసలుంటాయి. వాటిలో ఒక మాట వెతికితే క్షణంలో దొరుకుతుంది. అక్కడ ఒరాకిలూ లేదు, దాన్ని చూసుకునే డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కూడా లేడు.

సైజుతో తూచడమే తప్పని నా వాదన. మొదట అడగాల్సింది రికార్డులెన్ని అని కాదు, ఆ ఫైలుని నేరుగా ముట్టుకునే చేతులెన్ని అని. ఆ తర్వాత, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరని. ఈ రెండిటికీ జవాబు దొరికితే ఏ డేటాబేసు కావాలో చాలావరకు తేలిపోతుంది.

ఇంజిన్ ఎక్కడ నడుస్తోంది

ఒక యాక్సెస్ ఫైలుని ఆఫీసులో ఏదో ఒక కంప్యూటర్లో షేర్డ్ ఫోల్డర్లో పెట్టారు. ఆరుగురు ఆరు సిస్టమ్‌ల నుంచి తెరిచారు. ఆ ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ డేటాబేసు పనేమీ చెయ్యదు. దాని దృష్టిలో అది వర్డ్ ఫైలు లాంటి మరో ఫైలు, అంతే. డేటాబేసు ఇంజిన్, అంటే డేటాని చదివి రాసే ప్రోగ్రామ్ (పాత ఫైళ్ళకి జెట్, 2007 నుంచి ఏస్) ఆరు సిస్టమ్‌లలోనూ విడివిడిగా నడుస్తుంది. ప్రతి ఇంజినూ నెట్‌వర్క్ మీదుగా 4 కేబీ పేజీలు (ఫైలు ముక్కలు) తెచ్చుకుని, మార్చి, మళ్ళీ అదే ఫైల్లో రాస్తుంది. ఎవరు ఏ భాగాన్ని పట్టుకున్నారో పక్కనే పుట్టే లాక్ ఫైలుని బట్టి ఆరూ తమలో తాము సర్దుకోవాలి. అంటే ఫైలు మీద ఆరు చేతులు.

ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌ల దగ్గర ఇలా కాదు. ఫైలు జోలికి పోయేది సర్వర్ ప్రోగ్రామ్ ఒక్కటే. ఆరుగురైనా ఆరువందల మందైనా దాన్ని అడగాలే తప్ప ఫైలు ముట్టుకోలేరు.

దీనివల్ల వచ్చే మొదటి తేడా వేగం. 4 లక్షల వరసల టేబుల్, వరసకి 250 బైట్లు: 100 ఎంబీ. ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే పదసూచి లాంటిది) లేని కాలమ్ మీద వెతికితే ఆ 100 ఎంబీ అంతా వైరు మీదుగా అడిగిన సిస్టమ్‌కి రావాలి. 100 ఎంబీపీఎస్ లైను సెకనుకి 11 ఎంబీకి మించి మోయదు కాబట్టి 9 సెకన్లు. ఐదుగురు ఒకేసారి వెతికితే ముప్పావు నిమిషం. అదే సర్వర్ అయితే వెతుకులాట తన డిస్కు దగ్గరే చేసుకుని, దొరికిన పది వరసలు మాత్రమే పంపుతుంది. అయితే యాక్సెస్ ఎప్పుడూ టేబుల్ మొత్తం లాగుతుందన్న ప్రచారం మాత్రం నిజం కాదు. సరైన ఇండెక్స్ ఉంటే ఇండెక్స్ పేజీలు కొన్ని, వాటికి తగిన డేటా పేజీలు కొన్ని తెచ్చుకుని ఊరుకుంటుంది. మెల్లగా నడుస్తోందని తిట్టించుకునే యాక్సెస్ ఫైళ్ళలో చాలావాటికి కావాల్సింది కొత్త సర్వర్ కాదు, వెతికే కాలమ్ మీద ఒక ఇండెక్స్.

రెండో తేడా అసలైనది. కొత్త బిల్లు రాయాలంటే డేటా పేజీ ఒకటి, ఇండెక్స్ పేజీలు రెండు మూడు మారాలి. యాక్సెస్‌లో ఆ పేజీలన్నీ క్లర్కు సిస్టమ్ నుంచి వైరు మీద ప్రయాణం చెయ్యాలి. రెండు పేజీలు చేరి మూడోది దారిలో ఉండగా వైఫై తెగినా, ఎవరైనా ల్యాప్‌టాప్ మూసినా ఫైలు సగం పాతగా, సగం కొత్తగా మిగిలిపోతుంది. ఏం మార్చబోతున్నామో ముందుగా రాసి పెట్టుకునే లాగ్ జెట్‌కి లేదు. ఎక్కడ ఆగిందో తెలుసుకుని సరిదిద్దుకునే దారీ లేదు. అందుకే యాక్సెస్ వాడే ఆఫీసులో ఫైలుని బాగుచేసే "కంపాక్ట్ అండ్ రిపేర్" ఆదేశం అందరికీ కంఠోపాఠం. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసు కాలంలో ఇదే బాధకి రీఇండెక్స్ ఆదేశం ఉండేది. తేడా ఏమిటంటే అక్కడ ఒక్కో టేబుల్ ఒక్కో ఫైలు కాబట్టి పాడైతే ఒకటే పాడయ్యేది. యాక్సెస్‌లో అన్నీ ఒకే ఫైలు.

తప్పు అన్నిసార్లూ వాడేవాళ్ళది కాదు. 2018లో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి వచ్చాక బాగా నడుస్తున్న యాక్సెస్ ఫైళ్ళు కూడా పాడవడం మొదలైంది. ఫైలు పంచే సిస్టమ్‌లో లీజింగ్ అనే సదుపాయాన్ని ఆపుకోమని మైక్రోసాఫ్టే చెప్పాల్సివచ్చింది. డేటాబేసు క్షేమం ఫైల్ షేరింగ్ దయ మీద ఆధారపడితే ఇలాగే ఉంటుంది.

కాగితం మీద యాక్సెస్ ఒకేసారి 255 మందిని అనుమతిస్తుంది, ఫైలు 2 జీబీ దాకా పెరగవచ్చు. ఆ అంకెలు చూసి ధైర్యపడకూడదు. ఫారాలు, రిపోర్టులు ఒక ఫైల్లో, టేబుల్స్ మరో ఫైల్లో పెట్టి, ఫారాల ఫైలుని ప్రతి సిస్టమ్‌లోనూ విడిగా ఉంచి, అందరినీ వైఫై కాకుండా కేబుల్ మీద కూర్చోబెడితే పదిమంది దాకా ఏళ్ళ తరబడి హాయిగా పనిచేసుకోవచ్చు. ఒకే ఫైలుని అందరూ వైఫై మీద తెరిస్తే ముగ్గురు కూడా ఎక్కువే.

చిన్నవన్నీ ఒకే గాటన కట్టకూడదు

ఇక్కడే నా వాదనకి ఎదురు ప్రశ్న వస్తుంది: చిన్న డేటాబేసంటే అంత బలహీనమా? కాదు. ఎస్‌క్యూలైట్ పుట్టుకే అందుకు సాక్ష్యం. 2000లో రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళపు ఓడ కోసం ఒక ప్రోగ్రామ్ మీద పనిచేస్తున్నాడు. ఓడకి దెబ్బ తగిలితే ఏ వాల్వు మూయాలో చెప్పే ప్రోగ్రామ్ అది. దాని వెనక ఇన్ఫర్మిక్స్ అనే పెద్ద సర్వర్ డేటాబేసు ఉండేది. ఆ సర్వర్ నడవకపోతే ప్రోగ్రామూ చేతులెత్తేసేది. మధ్యలో సర్వరే లేకుండా డిస్కులోని ఫైలుని నేరుగా చదివితే సరిపోదా అన్న ఆలోచన నుంచి ఎస్‌క్యూలైట్ వచ్చింది.

అది చిన్నదే కానీ రాసేముందు జర్నల్ రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే తర్వాత తెరిచినప్పుడు ఆ జర్నల్ చూసి తనంతట తనే సర్దుకుంటుంది. ఫైలు పరిమితి 281 టెరాబైట్లు. ఒక్కసారికి ఒక్కరే రాయగలరన్నది దాని మీద వినిపించే పెద్ద ఆక్షేపణ. నిజమే. లెక్క చూద్దాం. ఒక్కో రాతకి 5 మిల్లీసెకన్లు పట్టిందనుకున్నా సెకనుకి 200 రాతలు. ఆసుపత్రిలో 20 కౌంటర్లు, కౌంటర్‌కి నిమిషానికో బిల్లు అంటే నిమిషానికి 20 రాతలు. ఆ క్యూ ఎవరికీ కనిపించను కూడా కనిపించదు.

ఒక షరతుంది. ఆ 20 కౌంటర్లూ ఎస్‌క్యూలైట్ ఫైలుని షేర్డ్ ఫోల్డర్ నుంచి తెరవకూడదు. నెట్‌వర్క్ ఫోల్డర్ల మీద లాకులు నమ్మదగ్గవి కావని దాన్ని తయారుచేసినవాళ్ళే చెబుతారు. ఒక సిస్టమ్‌లో చిన్న వెబ్ ప్రోగ్రామ్ పెట్టి, అందరూ బ్రౌజర్ నుంచి దాన్ని అడిగేలా చెయ్యాలి. అప్పుడు ఫైలు మీద ఒక్క చెయ్యే ఉంటుంది. డేటాబేసు చిన్నదైనా ఏర్పాటు పెద్దవాళ్ళదే.

పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. జర్నల్ మోడ్‌ని వాల్‌కి (మార్పుల్ని ముందు పక్క ఫైల్లో రాసుకునే పద్ధతి) మార్చుకోవాలి, అప్పుడు రాసేవాళ్ళ కోసం చదివేవాళ్ళు ఆగక్కర్లేదు. బిజీ టైమవుట్ మొదట్లో సున్నా ఉంటుంది, అంటే తలుపు వేసుంటే ఆగకుండా వెనక్కి తిరిగిపోవడమే; దాన్ని 5000 మిల్లీసెకన్లు చేస్తే "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అన్న సందేశాలు చాలావరకు మాయమవుతాయి. అయినా అప్పుడప్పుడూ వస్తుంటే, ముందు చదివి తర్వాత రాసే ట్రాన్సాక్షన్లని (కలిపి ఒకే పనిగా జరగాల్సిన ఆదేశాలని) బిగిన్ ఇమ్మీడియట్‌తో మొదలుపెట్టాలి. చదవడానికీ రాయడానికీ మధ్య ఇంకొకరు రాసేస్తే ఎంత టైమవుట్ ఇచ్చినా లాభం లేదు. ఫారిన్ కీల తనిఖీ (ఒక టేబుల్లోని నంబరు ఇంకో టేబుల్లో నిజంగా ఉందా అన్నది) కూడా మొదట్లో ఆపేసి ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లోనూ ఆన్ చెయ్యాలి. అంకె ఉండాల్సిన కాలమ్‌లో అక్షరాలు పెట్టినా మామూలుగా కిక్కురుమనదు. అలా ఊరుకోకుండా స్ట్రిక్ట్ టేబుల్స్ 2021లో వచ్చాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వాటినే వాడాలి. కాపీ తీయడానికి ఫైలుని ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ పేస్ట్ చేస్తే పక్కనున్న వాల్ ఫైల్లోని తాజా బిల్లులు రాకపోవచ్చు. బ్యాకప్ ఆదేశం గానీ వాక్యూమ్ ఇంటూ గానీ వాడాలి.

పెద్దదాన్ని తెచ్చి వదిలేస్తే

చిన్న ఆఫీసులకి పెద్ద డేటాబేసు పెట్టించినవాళ్ళు తరచు మరిచేదొకటుంది. అది కొని పెట్టుకునే వస్తువు కాదు, ఒక మనిషికి అప్పజెప్పాల్సిన పని. పోస్ట్‌గ్రెస్ ఉచితమే, ఆ మనిషి జీతం మాత్రం ఉచితం కాదు. డబ్బు పెట్టి కొనేదైతే చెప్పనక్కర్లేదు. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ జాబితా ధర ప్రాసెసర్‌కి 47,500 డాలర్లు. ఇంటెల్ సర్వర్లో రెండు కోర్లు ఒక ప్రాసెసర్ లెక్క. 8 కోర్ల సర్వర్‌కి 1,90,000 డాలర్లు, ఏటా సపోర్టుకి అందులో 22 శాతం, అంటే 41,800. బేరమాడితే తగ్గుతుంది కానీ పదిమంది ఆఫీసుకి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

మనిషి లేకపోతే ఏమవుతుందో చూద్దాం. ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్‌లో కొత్త డేటాబేసు మామూలుగా ఫుల్ రికవరీ మోడల్‌లో, అంటే ప్రతి మార్పునీ లాగ్‌లో దాచిపెట్టే పద్ధతిలో పుడుతుంది. ఒకసారి పూర్తి బ్యాకప్ తీశారంటే ఆ క్షణం నుంచి లాగ్‌ని విడిగా బ్యాకప్ తీస్తేనే అందులోని చోటు మళ్ళీ వాడుకోవడానికి దొరుకుతుంది. ఈ సంగతి తెలియని చోట రోజూ రాత్రి పూర్తి బ్యాకప్ శ్రద్ధగా జరుగుతూనే ఉంటుంది, లాగ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 3 జీబీ డేటాకి 200 జీబీ లాగ్ పోగుపడుతుంది. ఒకరోజు డిస్కు నిండి 9002 నంబరు ఎర్రర్‌తో బిల్లింగ్ ఆగిపోతుంది. ఒరాకిల్‌లో దీనికి కవల, ఆర్కైవ్ లాగుల (పక్కన దాచే పాత లాగుల) చోటు నిండడం. ఓఆర్ఏ-00257 అని చెప్పి కొత్త కనెక్షన్లు ఆపేస్తుంది. రెండూ లోపాలు కావు. లాగ్ లేకుండా ఒక్క రాతనీ ఒప్పుకోనన్న క్రమశిక్షణ అది. కానీ ఆ క్రమశిక్షణకి తోడు ఒక మనిషి కావాలి.

మనిషి ఉన్నా చాలదు, ఆ మనిషి బ్యాకప్‌ని తిరిగి తెరిచి చూస్తుండాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున వేరే సర్వర్లోని పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీ తుడిచేశాడు. ఆపేసరికి 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌కి ఐదు రకాల ఏర్పాట్లున్నాయి, అవసరానికి ఒక్కటీ అక్కరకు రాలేదు. సర్వర్ 9.6 వెర్షన్, డంప్ (డేటా మొత్తం కాపీ) తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్ కావడంతో రోజూ డంప్ విఫలమవుతోంది. అలా విఫలమైందని చెప్పే మెయిళ్ళు కూడా ఎవరికీ చేరడం లేదు. ఆరు గంటల ముందు ఇంకేదో పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు కాపీ) వాళ్ళని కాపాడింది. వాళ్ళు ఇదంతా దాచుకోకుండా ప్రపంచానికి చెప్పారు, అందుకు వాళ్ళమీద నాకు గౌరవం. అంత నైపుణ్యం ఉన్నచోటే అలా జరిగింది. డీబీఏ లేని ఆఫీసులో రోజూ సాయంత్రం రెండు పెన్‌డ్రైవ్‌లలోకి వెళ్ళే 20 ఎంబీ ఫైలు, ఎవరూ తెరిచి చూడని 'ఎంటర్‌ప్రైజ్ బ్యాకప్' కన్నా నాకు భద్రంగా కనిపిస్తుంది.

పెద్ద ఇంజిన్‌ని తెలియకుండా ఇంట్లో పెట్టుకోవడంలో ఇంకో ప్రమాదముంది. 2003 జనవరి 25న స్లామర్ అనే వర్మ్ (తనంతట తనే వ్యాపించే వైరస్) పది నిమిషాల్లో ప్రపంచమంతా పాకింది. అది దూరింది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లోకి, దానితోపాటు ఎంఎస్‌డీఈ అనే దాని డెస్క్‌టాప్ రూపంలోకి. అది దూరిన కన్నాన్ని మూసే ప్యాచ్ ఆరు నెలల ముందే వచ్చింది. కానీ వేరే సాఫ్ట్‌వేర్ వేస్తే దానితో కలిసి ఎంఎస్‌డీఈ వచ్చి కూర్చుందని చాలామందికి తెలియనే తెలియదు, ఇక ప్యాచ్ వేసేదెవరు? యాక్సెస్ ఫైలుకి నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే తలుపు, అంటే పోర్టు, ఉండదు కాబట్టి ఆ బెడదా లేదు.

తెలుగు పేర్లు రాస్తే

డేటా తెలుగులో ఉంటే పెద్దదే మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి జాగ్రత్తలు అక్కడే ఎక్కువ. వెంకటేశ్వర్లు అన్న పేరు తీసుకోండి. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 13 కోడ్‌పాయింట్లు (అంటే 13 నంబర్లు), వాటిని డిస్కు మీద రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 39. ఒరాకిల్‌లో వార్‌క్యార్2 (30) అని కాలమ్ పెడితే, వేరే సెట్టింగ్ లేనప్పుడు ఆ 30 అక్షరాలు కాదు, బైట్లు. పేరు పట్టక ఓఆర్ఏ-12899 వస్తుంది. 30 పక్కన క్యార్ అని రాయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్ ఎన్‌వార్‌క్యార్ అయి ఉండాలి, ఆదేశంలో పేరుకి ముందు ఎన్ అన్న అక్షరం పెట్టాలి. మరిచారా, వెంకటేశ్వర్లు 13 ప్రశ్నార్థకాలుగా మారి కూర్చుంటాడు. అసలు పేరు ఇక ఎక్కడా ఉండదు, వెనక్కి తెచ్చే దారి లేదు. యాక్సెస్ 2000 నుంచీ యూనికోడే, 255 పరిమితి అక్షరాల లెక్కలోనే. ఎస్‌క్యూలైట్‌కి పొడవు పరిమితి చెప్పినా పట్టించుకోదు.

ఫాక్స్‌ప్రో మాత్రం ఇక్కడ ఓడిపోయింది. దానికి యూనికోడ్ తెలియదు. అను లాంటి ఫాంట్లతో దాచిన తెలుగు, ఫాంటు తీసేస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులే. వాటిని మార్చకుండా కొత్త డేటాబేసులో పోస్తే ఏ డేటాబేసూ కాపాడలేదు.

పెద్దది తప్పనిసరి అయ్యేదెక్కడ

ఇంతవరకు చదివి నేను చిన్నవాటి పక్షమనుకోకండి. రెండు విషయాల్లో చిన్నది నిలబడలేదు.

మొదటిది, గడియారాన్ని వెనక్కి తిప్పడం. మధ్యాహ్నం 3:10కి స్టాక్ సరిచేసే అప్‌డేట్ ఆదేశంలో ఎవరో వేర్ షరతు (ఏ వరసలు మార్చాలో చెప్పేది) మరిచారు. 40 వేల వస్తువుల నిల్వలూ ఒకే అంకె అయిపోయాయి. రాత్రి తీసిన ఫైలు కాపీ ఉంటే ఆ రోజు జరిగిన అమ్మకాలన్నీ బిల్లు బిల్లూ చూసి మళ్ళీ లెక్కకట్టాలి. పావుగంటకోసారి లాగ్ బ్యాకప్ ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే దారి వేరు. ముందు మిగిలిన లాగ్‌ని బ్యాకప్ తీసుకోవాలి. రాత్రి బ్యాకప్‌ని ఇంకో పేరుతో, అసలుదాని మీద కాదు, పునరుద్ధరించాలి. దానికి లాగులు వరసగా కలుపుతూ 3:09 దగ్గర ఆపాలి. అందులోంచి నిల్వల కాలమ్ మాత్రం అసలు టేబుల్లోకి తెచ్చుకుని, 3:10 తర్వాతి బిల్లుల మేరకు సరిచెయ్యాలి. గంటలో అయిపోయే పని. ఈ ఒక్క సౌకర్యం కోసం ఒక మనిషికి జీతమివ్వడం న్యాయమే అనిపిస్తుంది.

రెండోది నమ్మకం. యాక్సెస్ వాడాలంటే ప్రతి క్లర్కుకీ ఆ ఫోల్డర్లో రాసే అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఉన్నవాళ్ళు ఫైలు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోగలరు. బిల్లింగ్ ఫారం పక్కన పెట్టి, టేబుల్ నేరుగా తెరిచి నిన్నటి రశీదు మొత్తం మార్చనూ గలరు. ఎవరు మార్చారో జాడ ఉండదు. యాక్సెస్‌లో ఒకప్పుడున్న యూజర్ వారీ భద్రతని కూడా 2007 ఫైలు రూపంలో తీసేశారు, మిగిలింది అందరికీ ఒకే పాస్‌వర్డ్. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో ప్రతి మార్పుకీ తేదీతో ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఎవరూ ఆపగలిగేలా ఉండకూడదు. ప్రోగ్రామ్‌లో లాగ్ ఉంటే చాలదు, డేటాబేసులోకి వెనక తలుపు నుంచి వెళ్ళి మారిస్తే పట్టుబడుతుందా అని ఆడిటర్లు అడుగుతున్నారు. షేర్ చేసిన ఫైలుకి ఆ ప్రశ్నకి జవాబు లేదు. సర్వర్‌కి ఉంది: క్లర్కుకి టేబుల్ మీద హక్కే ఇవ్వకుండా, సర్వర్లో ముందే రాసి పెట్టిన ప్రొసీజర్ నడిపే హక్కు మాత్రం ఇవ్వవచ్చు.

మారాలనుకుంటే

యాక్సెస్ నుంచి వచ్చేవాళ్ళకి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ దగ్గరి మజిలీ. ఉచితం. 2022 ఎడిషన్ దాకా డేటాబేసుకి 10 జీబీ పరిమితి, అందులో లాగ్ లెక్కలోకి రాదు. ఫారాలు, రిపోర్టులు యాక్సెస్‌లోనే ఉంచి, టేబుల్స్ మాత్రం మైక్రోసాఫ్ట్ మైగ్రేషన్ అసిస్టెంట్‌తో పంపి, ఓడీబీసీ (ప్రోగ్రామ్‌కీ డేటాబేసుకీ మధ్య వంతెన) లింకులు పెట్టుకోవచ్చు. చిక్కులన్నీ ఆ మర్నాడు మొదలవుతాయి.

తేదీలు ముందు చూసుకోవాలి. యాక్సెస్ క్రీ.శ. 100 నుంచి తేదీలు ఒప్పుకుంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని డేట్‌టైమ్ 1753 నుంచే. కాలమ్‌ని డేట్‌టైమ్‌గా పంపితే, ఎవరో 2005 బదులు 0205 కొట్టిన ఒక్క వరస దగ్గర టేబుల్ మొత్తం ఆగిపోవచ్చు. అవును-కాదు కాలమ్‌లు బిట్‌గా (0 లేదా 1) మారతాయి. వాటిలో ఖాళీలుంటే ఒక్కరే వాడుతున్నా "ఈ రికార్డుని వేరొకరు మార్చారు" అని యాక్సెస్ సేవ్ చెయ్యనివ్వదు. ఖాళీలన్నీ సున్నా చేసి, డిఫాల్ట్ సున్నా పెట్టి, ప్రతి టేబుల్‌కీ ఒక రోవెర్షన్ (వరస మారినప్పుడల్లా మారే గుర్తు) కాలమ్ చేర్చాలి. క్వెరీ షరతుల్లో సొంతంగా రాసుకున్న వీబీఏ (యాక్సెస్ లోపలి ప్రోగ్రామింగ్ భాష) ఫంక్షన్లుంటే సర్వర్‌కి అవి అర్థం కావు. టేబుల్ మొత్తం మళ్ళీ వైరు మీదుగా క్లర్కు సిస్టమ్‌కే వస్తుంది. సర్వర్ పెట్టాక ఇంకా మెల్లగా అయిందని బాధపడేవాళ్ళ ఫైళ్ళలో ముందు వెతకాల్సింది వీటినే. ఎక్స్‌ప్రెస్‌లో పనుల్ని వేళకి నడిపే ఏజెంట్ ఉండదు, బ్యాకప్‌కి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఎస్‌క్యూఎల్‌సీఎండీ ఆదేశం పెట్టుకోవాలి. ఆ బ్యాకప్ అదే డిస్కులో ఉండకూడదు. నెలకోసారి ఇంకో సిస్టమ్‌లో తెరిచి, నిన్నటి చివరి బిల్లు నంబరు కనిపిస్తోందో లేదో చూడాలి.

చివరగా, మారిన రోజే పాత ఫైలుని షేర్డ్ ఫోల్డర్ నుంచి తీసెయ్యాలి. పేరు మార్చి అక్కడే ఉంచితే చాలదు, ఎక్కడో ఎవరైనా మళ్ళీ లింకు కలుపుకుంటారు. డెస్క్‌టాప్ మీద పాత షార్ట్‌కట్ మిగిలిన ఒక్క క్లర్కు మూడు రోజులు పాత ఫైల్లోనే బిల్లులు రాస్తే, ఒకే నంబరుతో రెండు వేర్వేరు బిల్లులు తేలతాయి. వాటిని విడదీయడం కాగితం కాపీలు ముందేసుకుని చేత్తో చెయ్యాల్సిన పనే.